రాదుకి తోక

మా పిన్నిని ఊళ్ళో అందరూ తోక పెయింటరమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. పిన్ని కూడా ఫోనెత్తి "తోక పెయింటర్ని మాట్లాడుతున్నా, చెప్పండి" అంటుంది. కొత్తవాళ్ళైతే నంబరు తప్పిందేమోనని పెట్టేస్తారు.

పిన్ని దుకాణాలకి బోర్డులు రాస్తుంది. చిన్నప్పుడు మా అమ్మా తనూ ఒకే వాచకం పంచుకునేవాళ్ళట. "మీ అమ్మ పుస్తకం చదివేది, నేను పుస్తకం చూసేదాన్ని. అది పేజీ తిప్పబోతే, ఆగవే, ఈ ణ ఇంకా చూడలేదు అనేదాన్ని" అంటుంది. బళ్ళో నల్లబల్ల మీద రోజూ తేదీ రాసే పని అడిగి మరీ తీసుకుంది. చదువు అంతంతమాత్రంగా ముగిశాక, బస్సుల మీద ఊళ్ళ పేర్లు రాసే ఒక పెద్దాయన దగ్గర రంగులు కలపడానికి చేరింది. ఆయన చూపు మందగించాక కుంచె ఈవిడ చేతికొచ్చింది.

తోక సంగతి చెప్పాలి. బోర్డు కింద మూలన తన పేరు రాసుకోవడం పిన్నికి నచ్చదు. దానికి బదులు చివరి అక్షరానికి ఒక తోక వదులుతుంది. కొమ్మున్న అక్షరమైతే మరీ సంబరం. కొమ్ము దగ్గర కుంచె ఎత్తకుండా, ఊపిరి బిగబట్టి కుడివైపుకి సాగదీసి, కొసని కొంచెం పైకి లేపి వదిలేస్తుంది. ఎండలో పడుకున్న పిల్లి తోక అలాగే ఉంటుంది. మా ఊళ్ళో పాత సామాను కొట్టుకీ, గొడుగుల రిపేరుకీ, పళ్ళ డాక్టరుకీ ఆ తోక ఉంది. పళ్ళ డాక్టరు మాత్రం మొదట్లో గొణిగాడు.

"అమ్మా, అది డాక్టరు అని లేదు, డాక్టరూ అని ఉంది. వీధిలోంచి ఎవరో నన్ను కేకేస్తున్నట్టుంది."

"మంచిదేగా. పిలుస్తున్నారు, పలకండి" అంది పిన్ని.

డాక్టరు మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తర్వాత పక్క వీధిలో ఫ్లెక్సీలు వేసే షాపు వచ్చింది. పొద్దున చెబితే మధ్యాహ్నానికి బోర్డు చేతిలో పెట్టేవాళ్ళు. పిన్నికి గేటు నంబర్లూ, స్కూటర్ల నంబరు ప్లేట్లూ మాత్రం మిగిలాయి. ఆ షాపు యజమాని చెడ్డవాడు కాదు. ఒకరోజు ఇంటికొచ్చి, "అక్కా, మా కౌంటరు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. అక్షరాలు తెలిసినవాళ్ళు నాకూ కావాలి. ఎప్పుడంటే అప్పుడు వచ్చి కూర్చో" అన్నాడు.

పిన్ని ఒకసారి వెళ్ళి ఆ కుర్చీ చూసొచ్చింది.

"ఎలా ఉందే?" అన్నాడు బాబాయి.

"మెత్తగా ఉంది. దానికి చక్రాలున్నాయి. మనిషిని నిలవనీదు" అంది, కుంచెలు కిరసనాయిల్లో కడుగుతూ. ఆ రోజు వాటిని అవసరమైనదానికంటే ఎక్కువసేపే కడిగింది.

అలాంటి సమయంలో సగం మాట సారు వచ్చారు.

మా ఊరి వెనక కొండల్లోంచి ఒక కాలిదారి మొదలవుతుంది. అడవులూ లోయలూ దాటుకుంటూ రోజుల తరబడి సాగుతుంది కాబట్టి దాన్ని పొడుగు దారి అంటారు. గుడారం, తిండి, దుప్పటి అన్నీ వీపు మీది సంచిలో పెట్టుకుని నడవడానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. ఆగడానికి అక్కడక్కడా మజిలీలున్నాయి. మజిలీ అంటే గదులూ మంచాలూ ఉండవు. కాస్త చదును నేల, పిలుపు దూరంలో నీళ్ళు, అంతే. ఆ దారి బాగోగులు చూసే అధికారే సగం మాట సారు. ఆయన వాక్యాన్ని బాగానే మొదలుపెడతారు గానీ, చివరికొచ్చేసరికి మీసాల్లో దాచేసుకుంటారు. ఒకతను ఆయన గదిలోకి వెళితే "కూర్చో..." అన్నారట. కూర్చోమన్నారో, కూర్చోవద్దన్నారో తెలియక అతను పనయ్యేదాకా సగం వంగి నిలబడ్డాడని ఊళ్ళో చెప్పుకుంటారు.

"ప్లాస్టిక్ బోర్డులు కొండగాలికి చిరిగిపో... ముక్కలన్నీ ఏట్లో పడుతు... చెక్క బోర్డులే కావా..." అన్నారు వరండాలో నిలబడి. "ముందు రెండో మజిలీకి ఒకటి రాయం... అక్కడ పాతాక నేనొచ్చి చూ... నడిచేవాళ్ళు దాన్ని పట్టించుకుంటే దారి పొడుగునా మీ చేతే రాయి... లేదంటే పట్నంలో మిషన్ మీద రేకు బోర్డులు కొట్టించ..."

పిన్నికి అర్థమవాల్సింది అర్థమైంది. ఈ ఒక్క బోర్డు నిలబడితే ఏళ్ళకి సరిపడా పని. నిలబడకపోతే ఫ్లెక్సీ షాపులో చక్రాల కుర్చీ.

బాబాయి బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. పొద్దెక్కేసరికి ఇంటికొచ్చి పడుకోవాల్సిన మనిషి, పడుకోకుండా రెండు పలకలు కలిపి చిత్రిక పట్టి బోర్డు తయారుచేశాడు. పిన్ని దానికి ముదురు ఆకుపచ్చ పూసి ఆరబెట్టింది. నేను సెలవులకి వాళ్ళింట్లోనే ఉన్నాను. తెలుగు ఎమ్మే పరీక్షలయ్యాయి, ఫలితాలు రావాలి. నా పని, సారు పంపిన కాగితంలోని నియమాలు ఒక్కొక్కటీ పైకి చదవడం.

"ఏటి ఒడ్డున గుడారాలు వేయరాదు" అని చదివాను. "మంటలు వేయరాదు. ఏట్లో గిన్నెలు కడగరాదు. పూలు కోయరాదు. గట్టిగా పాటలు పాడరాదు. రాత్రి తిండి బయట పెట్టరాదు. మరుగుకి ఏటి దగ్గరికి పోరాదు."

"ఏమీ రాదా అక్కడ?" అన్నాడు బాబాయి దుప్పటిలోంచి. "నిద్రయినా వస్తుందా?"

"నువ్వుంటే పక్కవాళ్ళకి అదీ రాదు. నీ గురక మీద కూడా ఒక నియమం పెట్టించాల్సింది" అంది పిన్ని.

సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, ఎడమచేతి కర్ర మీద కుడిచెయ్యి ఆనించి, రోజంతా రాసింది. మామూలుగా బోర్డుకి ఒక్కటే తోక. ఇక్కడ ప్రతి వాక్యం చివరా కొమ్మున్న 'దు' వచ్చి కూర్చుంది. ఆఖరి దానికొక్కదానికే ఇస్తే మిగతావి చిన్నబుచ్చుకుంటాయంది. వరసగా అన్నిటికీ ఇచ్చింది. తెల్లటి తోకలన్నీ ఒకే వంపుతో ఒకదాని కింద ఒకటి పడుకున్నాయి. చూడ్డానికి ఎంతో బాగుంది. బాబాయి బాగుందన్నాడు, నేనూ బాగుందన్నాను. ముగ్గురం దాన్ని చూశామే గానీ ఒక్కరమూ చదవలేదు.

బోర్డుని బాబాయి వీపుకి తాళ్ళతో కట్టాం. వెనకనుంచి చూస్తే ఒక తలుపు ఇల్లు వదిలేసి కొండెక్కుతున్నట్టుంది. పొడుగు దారి మొదటి ఎక్కుడు మెలికలు మెలికలుగా ఉంటుంది. రెండో మెలిక దగ్గరే బాబాయి ఆగి, పై మెలికకి నిట్టనిలువుగా ఉన్న గడ్డి వాలు చూపించాడు.

"ఇలా అడ్డంగా ఎక్కేస్తే చుట్టూ తిరగక్కర్లేదు కదే."

"నీలాంటివాళ్ళు పదిమంది ఎక్కితే గడ్డి చస్తుంది, వానొస్తే అక్కడే గండి పడుతుంది. బోర్డు మోస్తున్నవాడివి నువ్వే తప్పితే ఎలా? నడు."

పైనుంచి దిగేవాళ్ళు మమ్మల్ని చూసి బండల వైపుకి ఒదిగి దారిచ్చారు. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి దారివ్వాలన్నది ఆ దారిలో ఏ బోర్డు మీదా రాయని పద్ధతి. బాబాయికి మాత్రం అది తన వీపు మీది తలుపుకిచ్చిన గౌరవంలా తోచింది. ప్రతివాళ్ళకీ తల వంచి నమస్కారం పెట్టాడు. తల వంచినప్పుడల్లా బోర్డు పైఅంచు ఎదుటివాళ్ళ టోపీకి తగిలేది.

రెండో మజిలీ ఏటి పక్కనే ఉంది. ఒడ్డున మెత్తటి పచ్చిక, నీలం పూలు. కాస్త పైన చెట్ల వెనక గడ్డి లేని చదును నేల. ఆగాల్సింది ఆ పైన. మెత్తటి గడ్డి మీద ఒక్క రాత్రి పడుకున్నా అది మళ్ళీ లేవడానికి చాలాకాలం పడుతుందట. దారి ఏటి దగ్గరికి వచ్చేచోట బోర్డు పాతాం. మా చిన్న గుడారం పైన గట్టి నేల మీద వేసుకున్నాం. సగం మాట సారు సాయంత్రానికి వస్తానన్నారు. ఈలోగా ఇంత దూరం వచ్చి శిఖరం చూడకపోతే ఎలాగంది పిన్ని. ముగ్గురం పైకెళ్ళాం. అక్కడ గాలికి మాటలు వినపడలేదు గానీ, పిన్ని చెయ్యి చాపి కొండల వరసని కుంచెతో గీసినట్టు గాల్లో గీయడం చూశాను. చివరి కొండకి తోక కూడా ఇచ్చింది.

దిగుతుంటే పాట వినిపించింది. ఒకరు కాదు, గుంపు. చప్పట్లు కూడా.

చెట్లు దాటి చూసేసరికి పిన్ని నిలబడిపోయింది. ఏటి ఒడ్డున, సరిగ్గా నీలం పూల మీద, రంగురంగుల గుడారాలు వరసగా ఉన్నాయి. మధ్యలో మంట. ఇద్దరమ్మాయిలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సబ్బునురగతో గిన్నెలు తోముతున్నారు. ఒక ముసలావిడ బండ మీద కూర్చుని, జడలో నీలం పూలు పెట్టుకుని పాడుతోంది. మెడలో కొలతల టేపు వేసుకున్న ఒకాయన తాళం వేస్తున్నాడు. ఆ తర్వాత తెలిసింది, అదొక టైలరింగ్ షాపు. టేపాయన టైలరు మాస్టారు, పాడుతున్నావిడ ఆయన అత్తగారు, మిగతావాళ్ళు షాపులో కుట్టేవాళ్ళు. ఇల్లూ షాపూ తప్ప ఎరగనివాళ్ళు మొదటిసారి నడకకి బయల్దేరారు. టేపు మెడలోంచి తీయడం ఆయనకి గుర్తే లేదు.

"అయ్యా, ఇక్కడ గుడారాలు వేయకూడదండి" అంది పిన్ని.

మాస్టారు తాళం ఆపి, పిన్నిని పైనుంచి కిందికి కొలిచాడు. "ఎవరమ్మా చెప్పింది?"

"ఎవరో చెప్పడమేంటండి. బోర్డు మీదే ఉంది."

"అదే నేనూ అంటున్నా. బోర్డు మీదే ఉంది. వేయమనే ఉంది. మేం బోర్డు ప్రకారమే ఉన్నాం."

"వేయమని ఎందుకుంటుందండి?"

"చదువుకున్నట్టే ఉన్నారు, వెళ్ళి చదవండి" అన్నాడు మాస్టారు. ఆయన గొంతు గట్టిపడింది. గిన్నెలు తోమే అమ్మాయిలు తోమడం ఆపారు.

అత్తగారు చెయ్యెత్తింది. "అల్లుడూ, నువ్వుండు. అమ్మాయ్, నాకు దగ్గరివి కనపడవు గానీ దూరానివి బాగా కనపడతాయి. ఆ బోర్డు వీళ్ళందరికీ చదివి చెప్పింది నేనే. మళ్ళీ చదువుతా, విను." బండ మీదినుంచి కదలకుండా, మెడ సాచి, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినంత ఆప్యాయంగా చదివింది. "ఏటి ఒడ్డున గుడారాలు వేయరాదూ. మంటలు వేయరాదూ. ఏట్లో గిన్నెలు కడగరాదూ. పూలు కోయరాదూ. గట్టిగా పాటలు పాడరాదూ."

ఆగి పిన్ని వైపు తిరిగింది. "ఎవరు రాయించారో గానీ చల్లగా ఉండాలి. నా ఇన్నేళ్ళలో ఇంత మర్యాద తెలిసిన ఆఫీసు బోర్డు నేను చూడలేదు. పాడరాదూ అంటుంటే పాడకపోతే బాగుంటుందా? నాకు గొంతు బాగాలేదు, అయినా పాడుతున్నా."

నేను బోర్డు చూశాను. అప్పుడు చదివాను. కొమ్ము కుడివైపుకి సాగితే అది తోక కాదు, దీర్ఘం. ఏడు తోకలూ ఏడు దీర్ఘాలు. కూడదన్న మాట ఒక్క సాగదీతతో రమ్మని చెయ్యి పట్టుకు లాగే మాటైపోయింది. ఎమ్మేలో రాని అనుమానం ఏటి ఒడ్డున వచ్చింది.

పిన్ని మొహం బోర్డు రంగులోకి తిరిగింది.

"తిండి బయట పెట్టరాదూ అన్నది మాత్రం మాకు అర్థం కాలేదమ్మా" అంది ముసలావిడ. "ఎవరికోసమా అనుకున్నాం. పాపం జంతువులకేమోనని నాలుగు రొట్టెలు ఆ బండ మీద పెట్టాం."

"ఇక ఆ చివరిది పాటించలేదు" అన్నాడు మాస్టారు. "మరుగుకి ఏటి దగ్గరికి పోరాదూ అట. మర్యాదకైనా ఒక హద్దుండాలి."

బాబాయి గట్టిగా నవ్వేశాడు. పిన్ని చూసిన చూపుకి ఆ నవ్వు దగ్గులోకి మారింది. అదే క్షణంలో నేను కింది మెలికల వైపు చూశాను. చేతికర్ర పట్టుకుని ఒక మనిషి నెమ్మదిగా ఎక్కుతున్నారు. మీసాలు అంత దూరంనుంచీ తెలుస్తున్నాయి.

"పిన్నీ, సారు."

"ఎన్ని మెలికలున్నాయి?"

"కొన్నే. కానీ మెల్లగా ఎక్కుతున్నారు."

పిన్ని సంచిలో ఆకుపచ్చ రంగు డబ్బా ఉంది. దారిలో ఎక్కడైనా గీరుకుపోతే దిద్దడానికి తెచ్చింది. బోర్డు దగ్గరికి పరిగెత్తి ఆ తోకలు చెరిపేస్తే సారుకి బోర్డు సరిగ్గానే కనపడుతుంది. తప్పు టైలర్లదవుతుంది. నాకు ఆ ఆలోచన వచ్చిందంటే పిన్నికి రాకుండా ఉండదు. ఆమె డబ్బా మీద చెయ్యి వేసింది కూడా. కానీ అప్పుడే ముసలావిడ, "ఏమ్మా, మేమేమైనా పొరపాటు చేశామా?" అంది.

పిన్ని డబ్బా వదిలేసింది.

"మీరు కాదండి, నేను చేశాను. ఆ బోర్డు రాసింది నేనే. రాసేటప్పుడు చివర తోక పెట్టడం నా అలవాటు. అది దీర్ఘమై కూర్చుంది. అవన్నీ చేయండి అని కాదు, చేయకండి అని."

అందరూ బోర్డు వైపు తిరిగి పెదాలు కదుపుతూ మరోసారి, ఈసారి తోకలు లేకుండా చదువుకున్నారు. గిన్నెల అమ్మాయి ఒకతె నీళ్ళలోంచి ఒక కాలు పైకి తీసింది.

"అయితే మేం ఒక్కటీ వదలకుండా తప్పులే చేశామా?" అన్నాడు మాస్టారు.

"ఒకటి వదిలేశారు కదండీ" అన్నాడు బాబాయి.

మాస్టారి మొహంలో నవ్వు వచ్చీ రానట్టుంది. అయినా గుడారాలు వేయడానికి ఆయనకి చాలాసేపు పట్టినట్టుంది. మళ్ళీ పీకాలంటే కాళ్ళు రావడం లేదు. మేకుల వైపూ ఆకాశం వైపూ చూశాడు. పిన్ని ఆయన దగ్గరికి వెళ్ళింది. "కూడదు" అని మళ్ళీ అంటుందనుకున్నాను. అనలేదు.

"ఆ చెట్ల వెనక గట్టి నేలుంది మాస్టారూ, గాలి తగలదు. మేమూ అక్కడే ఉన్నాం. అక్కడికి మారరాదూ."

ముసలావిడ అందరికంటే ముందు లేచి తన సంచి భుజానికి తగిలించుకుంది. "అదీ మాటంటే. పదండి."

ఇక మొదలైంది. గుడారాలు విప్పి మళ్ళీ వేసే ఓపిక లేక, టైలర్లు ఒక్కో గుడారాన్ని ఉన్నదున్నట్టుగా నలుగురు నాలుగు మూలలా పట్టుకుని లేపారు. ఒకదాంట్లో ఎవరో నిద్రపోతున్నారని సగం దూరం వెళ్ళాక తెలిసింది. దింపలేదు, అలాగే తీసుకెళ్ళారు. బాబాయి మంట మీద ఏటి నీళ్ళు పోసి, బూడిద కలియబెట్టి, మళ్ళీ పోసి, అరచెయ్యి ఆనించి చల్లబడేదాకా కదల్లేదు. "రొట్టెల పొయ్యి చూసే చెయ్యి ఇది, దీన్ని మోసం చేయలేరు" అన్నాడు. నేను అమ్మాయిలకి గిన్నెలు ఏటికి దూరంగా తీసుకెళ్ళి కడిగి, ఆ నీళ్ళు పొదల్లో చిమ్మడం చూపించాను. సబ్బు చేపల నోట్లోకి పోతుందని చెబితే వాళ్ళకి ఎక్కలేదు. చేప మొహం పెట్టి చూపిస్తే అర్థమైంది. బండ మీది రొట్టెల్లో ఒకటి అప్పటికే ఏదో తీసుకుపోయింది. మిగతావాటినీ, ఆ పూట తినేది పోగా అందరి తిండినీ ఒకే సంచిలో వేసి, మాస్టారు కుట్టుదారాల మనిషి కాబట్టి గట్టి ముడి వేసి, ఎలుగులకి అందనంత ఎత్తులో దూరపు కొమ్మకి వేలాడదీశాడు.

చివరి గుడారం నలుగురి చేతుల మీద ఊరేగుతుండగా సగం మాట సారు చేరుకున్నారు. దారి వదిలి బండ పక్కకి ఒదిగి నిలబడ్డారు. మోసేవాళ్ళకి దారివ్వాలి కదా. గుడారం దాటిపోయాక బోర్డు దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివారు. మీసాలు ఒకసారి కదిలాయి.

"ఇదేంటి..." అన్నారు.

పిన్ని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏదీ తగ్గించలేదు. చెప్పి, ఆయన ఏమీ అనకముందే డబ్బా మూత తీసి, బోర్డు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క తోకనీ ఆకుపచ్చలో ముంచేయడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె బోర్డులు చూస్తున్నాను. తోక గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. చెరిపేటప్పుడు కూడా అలాగే బిగబట్టింది.

ముసలావిడ వచ్చి పక్కన నిలబడింది. "బోసిగా అయిపోయిందమ్మా నీ బోర్డు. ఇందాక మనిషి పలకరించినట్టుండేది. ఇప్పుడు వాచ్‌మన్ కసిరినట్టుంది."

"నియమం కదండి" అంది పిన్ని.

సారు ఆ ముసలావిడ వైపు చూశారు, చెట్ల వెనక కుదురుగా నిలబడ్డ గుడారాల వైపు చూశారు. మీసాల్లో ఏదో అనుకున్నారు. మాకు సగం కూడా వినపడలేదు.

చీకటి పడకముందే అందరం గట్టి నేల మీద చిన్న స్టవ్వుల చుట్టూ కూర్చుని తిన్నాం. సారు తన డబ్బా విప్పి బాబాయి తెచ్చిన రొట్టె తీసుకున్నారు. మాటల్లో మాటగా, పక్క మజిలీల్లో తన ఆఫీసు పెట్టిన పాత బోర్డుల గురించి చెప్పారు. మంటలు వేయరాదు అన్న బోర్డు కిందే బూడిద కుప్ప ఉంటుందట. ఒకచోట బోర్డు మీద తడి సాక్సులు ఆరేసుకుంటున్నారట. "రాదు అని చదవగానే మనిషికి ఎందుకు రాదూ అని..." అన్నారు. ఆ సగం మాట అందరికీ పూర్తిగా అర్థమైంది. ముసలావిడ తన గొంతు తగ్గించి, పక్కవాళ్ళకి మాత్రమే వినపడేంతగా ఒక పాట పాడింది. గట్టిగా పాడొద్దన్నారు గానీ అసలు పాడొద్దనలేదు కదా అంది. బాబాయి గురక మీద ఏ నియమమూ లేకపోవడం వల్ల ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేకపోయారు.

పొద్దున లేచి చూస్తే ఏటి ఒడ్డున వంగిన గడ్డి తప్ప ఏమీ లేదు. టైలర్లు కిందికి దిగి నేలంతా వెతికారు. ఒక మేకు, ఒక గుండీ, రెండు దారం ముక్కలు దొరికాయి. గుండీ తనది కాదని ప్రతివాళ్ళూ అన్నారు. మాస్టారు దాన్ని జేబులో వేసుకుని, "ఎవరిదైనా మాతోనే దిగుతుంది" అన్నాడు. వెళ్ళేముందు ముసలావిడ పిన్ని చెయ్యి పట్టుకుని, మా షాపుకి బోర్డు రాయించాలి, తోక మాత్రం తగ్గించొద్దు అంది.

వాళ్ళు పై మెలికలో కనుమరుగయ్యాక సగం మాట సారు సంచి భుజానికెత్తుకున్నారు. బాబాయి తాళ్ళు చుడుతున్నాడు. పిన్ని కుంచెని గుడ్డలో చుడుతోంది. ఒక్కో వెంట్రుకా సరిచేస్తూ, తల ఎత్తకుండా చుడుతోంది.

సారు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నారు. "మిగతా మజిలీల బోర్డులు మీరు రాయరాదు..."

బాబాయి చేతిలో తాడు ఆగిపోయింది. పిన్ని నెమ్మదిగా లేచి నిలబడింది. ఆయన అప్పుడే మళ్ళీ నడుస్తున్నారు.

"సారూ" అని పిలిచింది పిన్ని. "ఆ మాటకి తోక ఉందా, లేదా?"

సారు వెనక్కి తిరిగారు. మొహంలో మొదట ఏమీ లేదు. తర్వాత తనే అన్న మాట తన చెవిలో మళ్ళీ విన్నట్టున్నారు. మీసాల కింద ఏదో కదిలింది. వెనక్కి నడిచొచ్చి, చేతికర్ర కొసతో దారి మట్టిలో 'రాయరాదు' అని రాశారు. అక్షరాలు ఏమంత బాగాలేవు. చివరి కొమ్ము దగ్గర కర్ర ఎత్తలేదు. కుడివైపుకి లాగారు, ఇంకా లాగారు, బాబాయి బూట్లదాకా లాగి, కొసని కొంచెం పైకి లేపారు.

"వాక్యాలు మాత్రం తిరగేసి రాయండి" అన్నారు, మొదటిసారి చివరిదాకా వినపడేలా. "గట్టి నేల మీద గుడారం వేసుకోరాదూ. చెత్త మీతోనే తీసుకెళ్ళరాదూ. అలా."

"కొస ఇంకొంచెం సన్నగా రావాలి సారూ" అంది పిన్ని, మట్టిలోని తోక వైపు చూస్తూ. అంటూనే గుడ్డలో చుట్టిన కుంచెని మళ్ళీ విప్పింది.

"అది మీ ప..." అన్నారు సారు. దారి మీద ఆనవాళ్ళు వదలకూడదు కాబట్టి, ఆ రాసిందంతా బూటుతో శుభ్రంగా చెరిపేసి వెళ్ళిపోయారు.